దాగుడుమూతల బిస్కత్తు



అలిపిరి మెట్లదారి మొదట నున్న అంగడి మొదలుకొని కుప్పము పొలిమేరలోని పల్లె అంగడి వఱకు, నేడు ఏ చిల్లర అంగడి వాకిట నిలిచినను తోరణములవలె వ్రేలాడు రంగురంగుల పొట్లములు కానవచ్చును. వానిలో చాక్లెటు పలుకులు పొదిగిన బిస్కత్తు ఒకటి. బడి విడిచిన బిడ్డ చేతిలోని పది రూపాయలకు అది వచ్చును. కొండకు పోవు యాత్రికుని సంచిలోను, దూరపు బస్సు ప్రయాణములోను, ఆసుపత్రిలో నున్న చుట్టమును చూడబోవువారి చేతిలోను అది యుండును. ఒకప్పుడు జ్వరపడినవారికి మాత్రమే కొనిపెట్టెడి బిస్కత్తు నేడు నిత్యపు చిరుతిండి యైనది.

ఈ జాతి బిస్కత్తులలో మన దేశమున మిక్కిలి పేరు గడించినది పార్లే వారి 'హైడ్ అండ్ సీక్'. ఆ ఆంగ్లపు పేరునకు మన భాషలో దాగుడుమూతలు అని యర్థము. పిండిలో చాక్లెటు పలుకు దాగియుండును, తినువాని నాలుక దానిని వెదకి పట్టుకొనును. పేరు పెట్టినవారి చమత్కారమిది. అయితే పొట్లములో దాగునవి చాక్లెటు పలుకులు మాత్రమే కావు. చక్కెర దాగును, నూనె దాగును, ఉప్పు దాగును. ఇవి యెంతెంత యున్నవో పొట్లము వెనుక సన్నని యక్షరములతో వ్రాసియే యుందురు. ఆ వ్రాత మనకెంతవఱకు అందుచున్నది, అందుటకు ఏమి చేయవలెను అన్నదే నేటి ప్రసంగ విషయము.

ముందుగా ఈ బిస్కత్తు పుట్టుక చెప్పుకొందము. బిస్కత్తు అను మాటకు మూలము లాటిను భాషలో నున్నది. రెండుమార్లు కాల్చినది అని దాని యర్థము. కుకీ అను మాట డచ్చివారిది. చిన్న రొట్టె, చిన్న కేకు అని దాని భావము. చాక్లెటు పలుకుల కుకీ మాత్రము అమెరికాలో పుట్టినది, పుట్టి తొంబది యేండ్లైనను నిండలేదు. మసాచుసెట్సు రాష్ట్రమున విట్మన్ అను ఊరి చెంత 'టోల్ హౌస్' అను విడిది భోజనశాల యుండెడిది. 1930లో దానిని కొని నడపినవారు రూత్ వేక్‌ఫీల్డు, ఆమె భర్త కెన్నెత్తు. ఆమె గృహవిజ్ఞానము చదివిన విదుషి. చాక్లెటు దిమ్మను చిన్న తునుకలుగా కొట్టి పిండిలో కలిపి కాల్చి, 1938 ప్రాంతమున ఆమె ఈ వంటకమును వెలువరించినది. కొట్టులో ఏదో నిండుకొనగా తొందరలో చాక్లెటు తునుకలు వేసినదనియు, అవి కరగక నిలిచినవనియు ఒక కథ వ్యాప్తిలో నున్నది. కథ ముచ్చటగా నున్నను నిజము కాదు. తెలిసి, ప్రయత్నించి, కుదిర్చిన వంటకమది.

తరువాత జరిగినది మన విషయమునకు మిక్కిలి ముఖ్యము. 1939లో నెస్లే సంస్థ ఆమెతో ఒప్పందము చేసికొని, ఆ వంటకము చేయు విధానమును తన చాక్లెటు పైకాగితముపై అచ్చు వేయసాగెను. కొట్టు శ్రమ లేకుండ చాక్లెటును చిన్న పలుకులుగానే చేసి అమ్మసాగెను. ఇల్లాండ్రు ఆ కాగితము చదివిరి, ఇంట కాల్చిరి, ఇరుగుపొరుగులకు పెట్టిరి. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున విదేశములలో నున్న సైనికులకు ఇండ్లనుండి పోయిన పొట్లములలో ఇవియు పోయినవి. 1963లో నబిస్కో సంస్థ 'చిప్స్ అహోయ్' అను పేర వీనిని యంత్రములతో చేసి అంగళ్లకు పంపెను. టోల్ హౌస్ భవనము 1984 డిసెంబరు 31వ తేదీ రాత్రి అగ్నికి ఆహుతి యైనది. 1997లో మసాచుసెట్సు రాష్ట్రము దీనిని తన అధికార కుకీగా ప్రకటించుకొన్నది. చూడుడు, ఈ బిస్కత్తు లోకమంతట ప్రాకుటకు మొదటి కారణము పైకాగితముమీది నాలుగు వాక్యములు. అవి అక్కడి స్త్రీలు చదువగల భాషలో నున్నవి. చదువగలిగిరి గనుక అందులో ఏమేమి యెంతెంత పడునో ప్రతి యింటికి తెలిసినది.

ఇక మన దేశమునకు వత్తము. 1929లో బొంబాయి నగరపు విలేపార్లేలో మిఠాయిలతో ఆరంభించి, పిదప బిస్కత్తులలోనికి దిగిన సంస్థ పార్లే. 1990 దశాబ్దమున ఆ సంస్థ చాక్లెటు పలుకుల బిస్కత్తును సామాన్యుని యంగడికి తెచ్చినది. పిమ్మట పెక్కు సంస్థలు ఆ దారి పట్టినవి. మనవంటి ఉష్ణ ప్రదేశములలో దీనికి ఆదరణ కలుగుటకు ఒక శాస్త్రకారణము కూడ గలదు. చాక్లెటులోని కోకో వెన్న ఇంచుమించు 34 డిగ్రీల వేడికే కరగును. రేణిగుంటలోను, శ్రీకాళహస్తిలోను వైశాఖమాసపు ఎండ 40 డిగ్రీలు దాటును. అట్టి దినమున చాక్లెటు పలక చేతికి రాకముందే పాకమగును. బిస్కత్తులోని పలుకు అట్లు కాదు. పలుకులకై చేయు చాక్లెటులో వెన్న పాలు కొంత తగ్గించెదరు. పొయ్యిలో అది మెత్తబడినను, చుట్టునున్న పిండి పట్టియుంచుటచేతను, లోపలి చక్కెర, కోకో పొడుల అల్లిక వలనను రూపు చెడదు. చల్లారిన పిమ్మట మరల గట్టిపడును.

కర్మాగారములో పని జరుగు విధము ఇట్టిది. గోధుమ మైదా, చక్కెర, నూనె లేక వెన్న, పాలపొడి, పొంగుటకు సోడా మొదలగునవి కలిపి ముద్ద చేయుదురు. పలుకులను చివర కలుపుదురు. ముందే కలిపినచో యంత్రపు రాపిడికి అవి నలిగిపోవును. ముద్దను అచ్చులతోనో, తీగతో కోసియో బిళ్లలుగా చేసి, కదలుచుండు పట్టీమీద సొరంగమువంటి పొడవైన పొయ్యిలోనికి పంపుదురు. కొలది నిమిషములలో ఆవలి కొనకు కాలి వచ్చును. తేమ నూటికి నాలుగైదు పాళ్ల లోపునకు దిగును. తేమ లేనిచోట బూజు పెరుగదు. గాలి, తడి చొరని మెఱుగు పొరలో కట్టుటచే అది నెలల తరబడి నిలువయుండును. మన అమ్మలు నిప్పట్లను, కజ్జికాయలను తడి తగులని డబ్బాలో ఎత్తిపెట్టెడి సూత్రమే యిది. సాధనము మాత్రము వేఱు.

ఇదంతయు ఎక్కడనో పరదేశమున జరుగు పని యని మనము అనుకొనరాదు. తీపి పొట్లములతో చిత్తూరు సీమకు బాంధవ్యము నేటిది కాదు. 1952లో చిత్తూరు పట్టణమున బి. వెంకట రామారెడ్డి గారు న్యూట్రిన్ మిఠాయి సంస్థను స్థాపించిరి. 'మహా లాక్టో', 'ఆశ' అను ఆ బిళ్లలు ఒక తరము పిల్లల జేబులలో నిండియుండెడివి. చిత్తూరు పేరు వినని ఊళ్లలో కూడ చిత్తూరు మిఠాయి నోట కరగినది. చెరకు పండు జిల్లా, బెల్లపు మండీ గల పట్టణము, మద్రాసు బెంగుళూరు నగరముల నడుమ దారి, ఇన్నియు కలిసివచ్చినవి. 2006లో ఆ సంస్థ గోద్రెజ్ వారి చేతికి పోయెను. 2007లో గోద్రెజ్ వారు అమెరికాకు చెందిన హెర్షీ సంస్థతో కలిసి వ్యాపారము చేసిరి. 2012లో అది పూర్తిగా హెర్షీ వారిదైనది. ఊరిలో పుట్టిన పేరు ఊరు దాటి, దేశము దాటి, పరుల సొత్తయినది. వ్యాపారమున ఇట్టివి జరుగుచునే యుండును. దానిని నింద చేయుటకు చెప్పుట లేదు. తీపిని పొట్లము కట్టి లోకమునకు పంపగల నేర్పు ఈ నేలకు కొత్త కాదని తెలుపుటకు చెప్పితిని.

న్యూట్రిన్ చేతులు మారిన పదేండ్లకు అదే జిల్లా తూర్పు కొసన మఱియొక పెద్ద పని జరిగినది. సత్యవేడు, వరదయ్యపాళెము ప్రాంతమున వెలసిన శ్రీసిటీలో 2016 ఏప్రిల్‌లో మాండలీజ్ సంస్థ చాక్లెటు కర్మాగారమును తెఱచినది. కాడ్బరీ చాక్లెట్లు చేయు సంస్థ అదియే. నే నింతకుముందు చెప్పిన నబిస్కో కూడ నేడు ఆ సంస్థ క్రిందనే యున్నది. ఆసియా పసిఫిక్ ప్రాంతమున తమకు గల చాక్లెటు కర్మాగారములలో ఇదియే పెద్దదని ప్రారంభమున వారు ప్రకటించిరి. ఆ చోటు అప్పుడు చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి తిరుపతి జిల్లా. చుట్టుపట్ల పల్లెల స్త్రీలకును అక్కడ ఉద్యోగములు దొరకినవి. తెలుపు అంగీలు తొడిగి, తల కప్పుకొని, యంత్రముల నడుమ పనిచేయు ఆ ఆడుబిడ్డల తల్లులు వేరుశనగ చేలలో కలుపు తీసినవారు. తరము మాఱుట యన నిట్టిది.

చాక్లెటునకు మూలమైన కోకో కాయ కూడ మన రాష్ట్రముననే పండుచున్నది. ఏలూరు, పశ్చిమ గోదావరి, కోనసీమ ప్రాంతములలో కొబ్బరి, పామాయిలు తోటల నీడన కోకో చెట్లు పెంచుదురు. భారతదేశమున కోకో పండించుటలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానము. కాయ కోసి, గింజలు తీసి, అయిదాఱు దినములు పులియబెట్టి, ఎండబెట్టి అమ్ముదురు. పులియబెట్టనిదే చాక్లెటు వాసన పుట్టదు. పడమటి ఆఫ్రికాలో పంట దెబ్బతినుటచే 2024లో ప్రపంచ విపణిలో టన్ను కోకో ధర పదివేల డాలర్లు దాటెను. ఆ ధర నిలువలేదు. 2025లో గిట్టుబాటు ధర కొఱకు మన కోకో రైతులు వీధికెక్కిరి, ప్రభుత్వము నడుమ రావలసివచ్చెను. కావున ఈ పలుకు వెనుక గోదావరి రైతు గలడు, సత్యవేటి పడుచు గలదు, చిత్తూరు వ్యాపారపు నేర్పు గలదు. చేయుటలో మన చేయి యున్నది, తినుటలో మన నోరున్నది. చదువుటలో మాత్రము మన కన్ను లేదు.

చదువుట యనగా ఏమి? ఈ సందర్భమున తిరుపతివారికి బాగుగా తెలిసిన ఒక మాటను గుర్తు చేయుదును. ఆ మాట 'దిట్టము'. శ్రీవారి లడ్డు ప్రసాదమునకు శనగపిండి యెంత, నెయ్యి యెంత, చక్కెర యెంత, జీడిపప్పు, ఎండుద్రాక్ష, కలకండ, ఏలకులు ఎంతెంత యని దేవస్థానమువారు నిర్ణయించిన పట్టికకే దిట్టమని పేరు. 1950లో ఒక దిట్టము ఏర్పఱచిరి. పెరిగిన యాత్రికుల రద్దీని బట్టి పిమ్మట దానిని సవరించిరి. నేటి లెక్క 5,100 లడ్లకు కట్టినది. పోటులో పనిచేయువాని ఇష్టానిష్టములకు అక్కడ తావులేదు. దిట్టము తప్పరాదు. 2009లో తిరుపతి లడ్డునకు భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు ఆ పేరునకు న్యాయరక్షణ కూడ కలిగినది. 2024లో లడ్డు నేతి విషయమున కల్తీ ఆరోపణలు రాగా దేశమంతయు కలవరపడెను. ఆ సంవత్సరము అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రత్యేక విచారణ బృందమును ఏర్పఱచెను. ప్రసాదము వేఱు, అంగటి బిస్కత్తు వేఱు. రెంటిని ఒక త్రాసున తూచుట నా యుద్దేశము కాదు. అయినను నోటికి పోవు వస్తువులో ఏమి పడినదని అడుగుట మనకు తెలియని విద్య కాదని ఆ కలవరమే చెప్పుచున్నది. లడ్డునకు దిట్టము కోరిన జనము, బిడ్డ దినదినము తిను పొట్లపు దిట్టమును ఏల అడుగరాదు?

ఆ దిట్టము పొట్లము వెనుకనే యున్నది. చట్టము అట్లు నిర్బంధించుచున్నది. భారత ఆహార భద్రత, ప్రమాణముల సంస్థవారి 2020 నాటి నియమముల ప్రకారము, వాడిన దినుసులను బరువు క్రమమున, ఎక్కువది ముందు, తక్కువది వెనుక వ్రాయవలెను. మొదట మైదా యున్నచో మైదా యెక్కువ. రెండవది చక్కెర యైనచో దాని తరువాత చక్కెరయే యెక్కువ. ఈ ఒక్క సూత్రము తెలిసిన సగము రహస్యము విడిపోవును. వస్తువు పేరులోనో, బొమ్మలోనో దేనిని గొప్పగా చూపుదురో, అది నూటికి ఎన్ని పాళ్లున్నదో కూడ చెప్పవలెను. పైన బొమ్మలో పలుకులు రాశులుగా పోసియుండవచ్చును. వెనుక అంకెలో అవి యెంతో తేలిపోవును. నూనె వాడినచో ఏ నూనెయో పేరు చెప్పవలెను. పలుకులు నిజమైన కోకో వెన్నతో చేసినవా, తక్కువ వెలగల ఇతర కొవ్వులతో చేసినవా యనునదియు ఆ వరుసలోనే కనిపించును.

కొన్నిచోట్ల అంకెలు మాత్రమే యుండును. 322 అనగా లెసితిన్, నూనెను నీటిని కలిపియుంచునది. 500, 503 అనగా పొంగించు సోడాలు. ఇవి చూచి బెదరనక్కఱలేదు, అనుమతి పొందినవే. గోధుమ, పాలు, సోయా, జీడిపప్పు వంటివి సరిపడని బిడ్డలుందురు. వారికొఱకు ఆ హెచ్చరికయు విడిగా వ్రాయుదురు. ఆకుపచ్చ చుక్క శాకాహారమునకు గుర్తు. హానికరమైన ట్రాన్సు కొవ్వు నూనెలలో నూటికి రెండు పాళ్లు మించరాదని 2022 జనవరి నుండి నియమము అమలులోనికి వచ్చినది.

ఇక చక్కెర లెక్క. పోషక పట్టికలోని అంకెలు సాధారణముగా 100 గ్రాములకు వ్రాసియుందురు. ఒక బిస్కత్తు పొట్లముపై 100 గ్రాములకు చక్కెర 35 గ్రాములని యున్నదనుకొందము. పొట్లము బరువు 60 గ్రాములు. అప్పుడు లోపలి చక్కెర 21 గ్రాములు. చెంచాకు అయిదు గ్రాముల చొప్పున నాలుగు చెంచాల పైమాట. గ్లాసెడు పాలలో నాలుగు చెంచాల చక్కెర వేయుమని బిడ్డ అడిగినచో ఏ తల్లియు వేయదు. అదే చక్కెర పొట్లములో దాగివచ్చినప్పుడు అడ్డుచెప్పదు, తెలియదు గనుక. ఆహారమునకు బయటినుండి చేరు చక్కెరనుండి వచ్చు శక్తి మొత్తములో పదియవ వంతు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినది. అందులో సగమునకు తగ్గించిన మఱియు మేలన్నది. దినమునకు రెండువేల కాలరీలు తిను పెద్దవారికి ఆ సగము 25 గ్రాములు. చిన్నబిడ్డకు అంతకంటెను తక్కువ. పైన చెప్పిన 60 గ్రాముల పొట్లము ఒక్కటి ఆ మేరకు సమీపించుచున్నది.

ఈ మాట చెప్పుటకు మన రాష్ట్రముల నడుమనే ఒక పెద్ద సంస్థ యున్నది. 1918లో కూనూరులో ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ అది. 2024లో ఆ సంస్థ ప్రకటించిన 17 ఆహార సూత్రములలో చివరిది ఏమనగా, పొట్లముమీది వ్రాత చదివి తెలిసికొని తినుడు అని. ఎంత మంచి మాట! అయితే ఇచ్చట ఒక చిక్కు గలదు. చదువుమన్నవారు ఏ భాషలో చదువుమన్నారు?

నియమము ప్రకారము పొట్లముమీది వివరములు ఆంగ్లమునగాని, దేవనాగరి లిపిలో హిందీయందుగాని ఉండవలెను. ఇతర భాషలు అదనముగా చేర్చవచ్చును. చేర్చితీరవలెనను నిర్బంధము లేదు. ఫలితము కండ్లయెదుట నున్నది. నగరిలో మగ్గము నడుపు తల్లి, పలమనేరులో పాలు పితికి కేంద్రమునకు పోయు అక్క తెలుగున చక్కగా చదువగలరు. స్వయంసహాయక సంఘపు పద్దు పుస్తకమును తప్పులేక వ్రాయగలరు. బ్యాంకు అప్పు వడ్డీని నోటిలెక్కగా చెప్పగలరు. బిడ్డ చేతి పొట్లము ముందు మాత్రము వారు నిరక్షరాస్యులు! అక్షరము రాక కాదు, అక్షరము అక్కడ లేక. పొరుగు ఊరి కర్మాగారములో తన కూతురు కట్టిన పొట్లమైనను, దానిమీది వ్రాత ఆ తల్లికి అందదు. రూత్ వేక్‌ఫీల్డు కాలమున పైకాగితము ఇల్లాలితో మాటాడినది. మన కాలమున అది మన యిల్లాలిని చూచి మౌనము వహించుచున్నది.

2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, పొట్లము ముందుభాగముననే చక్కెర, ఉప్పు, కొవ్వులను గూర్చి హెచ్చరిక గుర్తులు ఉంచు విషయమై సిఫారసులు సిద్ధపఱచుమని ఆదేశించినది. గుర్తు మంచిదే, గుర్తునకు భాష యక్కఱలేదు. కాని గుర్తు హెచ్చరించును గాని వివరింపదు. ఎంత, ఎందువలన, ఎవరికి కూడదు అనునవి చెప్పుటకు మాట కావలెను. ఆ మాట తెలుగులో నుండవలెనని కోరుట భాషాభిమానపు పట్టుదల కాదు. అది ఆరోగ్య విషయము; తల్లి హక్కు. తెలుగు సీమలో అమ్ముడుపోవు పొట్లముపై దినుసుల వరుస, చక్కెర, కొవ్వు, ఉప్పు అంకెలు, సరిపడనివారికి హెచ్చరిక, ఈ మూడు తెలుగున అచ్చువేయుట పెద్ద భారము కాదు. ప్రకటనలు తెలుగులో వ్రాయించువారికి, దినుసులు తెలుగులో వ్రాయించుట అసాధ్యమనరాదు. అమ్ముటకు తెలుగు పనికివచ్చినప్పుడు తెలుపుటకును పనికిరావలెను.

నియమము మాఱువఱకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కఱలేదు. ప్రతి ఉన్నత పాఠశాలలో నెలకొకమారు, ఒక గంటసేపు, ఖాళీ పొట్లములను తెప్పించి పిల్లలచేతనే చదివింపవచ్చును. ఆంగ్ల పాఠము, లెక్కల పాఠము, విజ్ఞాన పాఠము మూడును ఒక గంటలో జరిగిపోవును. ఆ పిల్లలు ఇంటికి పోయి అమ్మకు, అవ్వకు తెలుగున చెప్పుదురు. సంఘముల సమావేశములలో అప్పు పద్దుల పిమ్మట పది నిమిషములు ఈ పద్దునకు ఇయ్యవచ్చును. తెలుగు సీమయందే వస్తువులు చేయు చిన్న బేకరీలు, సంఘముల స్త్రీలు నడపు చిరుతిండి కేంద్రములు తమ పొట్లములపై తెలుగును ముందుగా వేసి పెద్దవారికి దారి చూపవచ్చును. రాగి బిస్కత్తులు, వేరుశనగ ఉండలు చేయువారు నేడు పల్లెపల్లెన గలరు. 100 గ్రాముల రాగులలో ఇంచుమించు 350 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. ఆ సంగతి తెలుగున వ్రాసినచో వారి సరకునకే మేలు. అయితే వారును తమ చక్కెరను, బెల్లమును దాచరాదు. బెల్లమైనను తీపి తీపియే.

చివరగా ఒక మాట. బిడ్డలకు ఈ బిస్కత్తు పెట్టనే పెట్టవద్దని నేను చెప్పుట లేదు. పండుగనాడు కజ్జికాయ తిన్నట్లు, అప్పుడప్పుడు నాలుగు పలుకుల బిస్కత్తులు తినుట వలన కొంప మునుగదు. పిండి నడుమ నాలుకకు తగులు చాక్లెటు పలుకు పసివానికిచ్చు సంతోషము నిజమైనదే. సంగటి ముద్ద, పప్పు, ఆకుకూర, మజ్జిగ కడుపు నింపిన పిమ్మట వచ్చిన తీపి తీపిగానే యుండును. వాని స్థానమున వచ్చినప్పుడే చిక్కు. ఏది యెంత తినవలెనో నిర్ణయించుకొనుటకు తల్లికి తెలిసియుండవలెను. తెలిసికొనుటకు ఆమెకు వచ్చిన అక్షరములలో వ్రాసియుండవలెను. దాగుడుమూతల ఆటలో దాగువాడు ఎంత నేర్పరియైనను, వెదకువాని కండ్లకు గంతలు విప్పనిదే ఆట న్యాయము కాదు. ఈసారి అంగటిలో పొట్లము చేతికందినప్పుడు ముందువైపు బొమ్మ చూచి ఊరుకొనక, దానిని వెనుకకు త్రిప్పి చూడుడు. ఇది తెలుగులో ఏల లేదని అంగడివానిని ఒకమారు అడుగుడు. పొట్లముమీద సంస్థవారి చిరునామా, ఫోను అంకె ఉండును, వారినియు అడుగుడు. పదిమంది అడిగిన మాట అంగడి దాటి కర్మాగారమునకు చేరును.